సీసాలో బుడగలు ఆగేదాకా

మంచం కింద సీసా, సీసాలో నీళ్లు. రోగి పక్కటెముకల సందులోంచి వచ్చిన గొట్టం కొస ఆ నీళ్లలో మునిగి ఉంటుంది. దగ్గినప్పుడల్లా బుడబుడమంటూ బుడగలు. బయటికొచ్చిన గాలిని నీళ్లు మళ్లీ లోపలికి పోనివ్వవు. 19వ శతాబ్దంలో హాంబర్గ్ వైద్యుడు గోథార్డ్ బ్యూలౌ ఛాతీలోని చీము తీయడానికి వాడిన ఈ ఉపాయమే నేటికీ వార్డుల్లో నడుస్తోంది.

టీబీ వల్లనో, పొగతో పాడైనందువల్లనో, ఆపరేషన్ తర్వాతనో ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది. చాలామందిలో గొట్టం వేశాక అదే మూసుకుపోతుంది. 5 నుంచి 7 రోజులు దాటినా బుడగలు ఆగకపోతే అది మొండి లీకు. ఆపరేషన్ చేసి కుట్టేయొచ్చు. కానీ మత్తుకు తట్టుకోలేని మనిషికి?

అన్నిటికన్నా చవకైన మందు అతని రక్తమే. చేతి నరంలోంచి 50 నుంచి 100 మి.లీ. తీసి, గడ్డకట్టేలోగా గొట్టం ద్వారా ఛాతీలోకి ఎక్కిస్తారు. అప్పుడు గొట్టాన్ని బిగించి మూయరు. మూస్తే గాలి లోపలే పేరుకుని గుండెను పక్కకు నెట్టేస్తుంది, ప్రాణం మీదికొస్తుంది. అందుకే గొట్టాన్ని మంచానికి బాగా ఎత్తున వేలాడదీస్తారు: గాలి పోతుంది, రక్తం నిలుస్తుంది. ఆ రక్తం గడ్డకట్టి, చిల్లుబిందెకు మాటు వేసినట్టు, లీకును కప్పేస్తుంది. చీము పట్టే ముప్పు కొంత ఉంది గనుక కనిపెట్టుకుని ఉండాలి.

రెండో దారి లోపలినుంచి. పంక్చర్ షాపు తొట్టిలో బుడగ వచ్చిన చోటే చిల్లు. ఆస్పత్రి సీసా మాత్రం చిల్లు ఉందనే చెబుతుంది, ఎక్కడో చెప్పదు. అందుకని బ్రాంకోస్కోపు గొట్టాన్ని శ్వాసనాళాల్లోకి దించి, ఒక్కో శాఖనూ చిన్న బెలూన్‌తో మూసి చూస్తారు. ఏ శాఖ మూస్తే బుడగలు తగ్గాయో అక్కడ వాల్వు పెడతారు. గండి పూడ్చాలంటే ముందు పైన తూము మూయాలి కదా! వాల్వు గాలిని చిల్లు వైపు పోనివ్వదు, కఫాన్ని మాత్రం బయటికి రానిస్తుంది. చిల్లు మానాక, సాధారణంగా 6 వారాలకు, తీసేస్తారు. అమెరికాలో 2008లో ఊపిరితిత్తి ఆపరేషన్ల తర్వాతి లీకులకు ఇలాంటి వాల్వుకు అనుమతి దొరికింది. ఖరీదు ఎక్కువ. పక్క భాగాల నుంచి గాలి దొంగదారిన వచ్చేవారిలో ఫలితం తక్కువ.

చివరికి రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు "గట్టిగా దగ్గండి" అంటారు. చూపు మాత్రం రోగి మీద కాదు, సీసా మీద. ఊపిరితో పాటు గొట్టంలో నీరు పైకీ కిందికీ ఊగొచ్చు. బుడగ మాత్రం రాకూడదు.