పేను కొరకలేదు... మన సైన్యమే!

ధర్మపురిలో గోదావరి ఒడ్డున నరసింహస్వామికి తలనీలాలు ఇచ్చినవాళ్లకు బెంగ ఉండదు. కొన్ని నెలలు తిరిగేసరికి మళ్లీ జుట్టొచ్చేస్తుంది. అదే, పొద్దున్నే తల దువ్వుతుంటే రూపాయి బిళ్లంత మేర నున్నగా తగిలితే? 'పేను కొరికింది' అంటుంది నానమ్మ. బడిలో తోటిపిల్లలు దూరం జరుగుతారు. పెళ్లీడు పిల్లయితే ఇంట్లోవాళ్లకు నిద్రే ఉండదు.

నిజానికి ఏ పేనూ కొరకలేదు. ఇది అంటువ్యాధీ కాదు. వైద్యులు 'అలోపేషియా ఏరియేటా' అనే ఈ జబ్బు నూటికి ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు రావచ్చని అంచనా. క్రిములతో పోరాడాల్సిన తెల్లరక్తకణాలు వెంట్రుక కుదుళ్ల మీద పడటమే దీనికి మూలం.

ఎందుకలా పొరబడతాయి?

శరీరం ఆక్సిజన్‌ను వాడుకునేటప్పుడు ఫ్రీ రాడికల్స్ పుడుతుంటాయి. వాటిని అణచే ఎంజైములూ ఒంట్లోనే ఉంటాయి. ఈ రెంటికీ పొత్తు తప్పడమే 'ఆక్సిడేటివ్ స్ట్రెస్'. మనం రోజూ అనుకునే టెన్షన్ కాదిది, ఇనుముకు తుప్పు పట్టడంలాంటిది. అలా దెబ్బతిన్న కణాలు ప్రమాద సంకేతాలను పైకి చూపిస్తాయి. వాటిని చూసే తెల్లకణాలు దాడికి దిగుతాయన్నది శాస్త్రవేత్తల ఆలోచన.

అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో ఏంజెలా క్రిస్టియానో బృందం 2010లో వెయ్యిమందికి పైగా రోగుల జన్యువులను పరిశీలించింది. ఆ సంకేతాలకు చెందిన జన్యువులతోపాటు, ఆక్సీకరణను అడ్డుకునే ఓ ఎంజైము జన్యువుకూ ఈ జబ్బుతో సంబంధం ఉందని తేలింది. అన్నట్టు, క్రిస్టియానో కూడా ఈ బాధ పడినవారే!

అలాగని యాంటీఆక్సిడెంట్ మాత్రల కోసం పరుగెత్తక్కర్లేదు. ఆక్సిడేటివ్ స్ట్రెస్ జబ్బుకు కారణమా, ఫలితమా అన్నది ఇంకా తేలలేదు. ఆ మాత్రలతో జుట్టొస్తుందన్న రుజువూ లేదు. గురిగింజ అరగదీసి రాయడం మరీ ప్రమాదం. అందులో ఉన్నది విషం. కడుపులోకి వెళితే ప్రాణానికే ముప్పు.

మంచి మాట ఏమిటంటే, కుదురు చావదు, నిద్రపోతుందంతే. ఒకటీ రెండు మచ్చలే అయితే చాలామందికి ఏడాదిలోపే దానంతటదే జుట్టొస్తుంది. లేదంటే చర్మవైద్యులు మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. జబ్బు తీవ్రంగా ఉన్న పెద్దవాళ్లకు బారిసిటినిబ్ మాత్రలను అమెరికా 2022లో అనుమతించింది. అవి వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి.

మొక్కు తీరాక మొలిచినట్టే, ఇక్కడా మళ్లీ మొలిచే అవకాశం ఉంది. అప్పటిదాకా ఆ పసివాణ్ణి ఎవరూ వెక్కిరించకపోతే చాలు.