సముద్రం ఎడమవైపున

సంక్రాంతి సెలవులు ఇంక నెల రోజులున్నవనగా పటం విప్పి కూర్చొనుట మా ఇంట ఆచారం. విశాఖపట్నం మొదలు శ్రీకాకుళం సీమ వరకు సాగిన సముద్రతీరం, మా పాఠశాల గోడకు వేలాడే పటంలో జానెడైనా ఉండదు. ఆ కొలత చూచి మోసపోయినవాడిని నేను. సాంఘిక శాస్త్రం బోధించేవాడిని గనుక పటం చదవడం నాకు వచ్చునని నమ్మి, మూడేళ్ల క్రిందట మా కుటుంబాన్ని రాజమహేంద్రవరం నుంచి ఆ దారిన కారులో తీసుకొనిపోయాను. అప్పుడు చేసిన పొరపాటు, ఈ ఏడు దానిని దిద్దుకొన్న విధము చెప్పితే, సెలవులలో పిల్లాపాపలతో బయలుదేరే తోటి ఉపాధ్యాయులకు ఉపకరించవచ్చునని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆనాటి జాబితాలో పదకొండు చోట్లు. వ్యవధి రెండు రోజులు. కాగితం మీద అన్నీ చక్కగా ఇమిడినవి. ఒక్కొక్క చోట ఎంతసేపు నిలవాలో నిమిషాలతో సహా లెక్క కట్టాను గాని, మా అమ్మ కారు దిగడానికి పట్టే సమయం ఆ లెక్కలో వేయలేదు. ఆమెకు అప్పటికే డెబ్బై ఎనిమిదేళ్లు; మోకాళ్లు సహకరించవు. రెండవనాటికి దిగడమే మానివేసింది. "మీరు చూచి రండి నాయనా, నేనిక్కడ కూర్చుంటాను" అనేది.

శ్రీకూర్మం చేరేసరికి మధ్యాహ్నమై ఆలయం తలుపులు మూసి ఉన్నవి. మళ్లీ తెరిచేవరకు ఆగడానికి నా జాబితా ఒప్పుకోలేదు. మా నాన్నగారు బ్రతికి ఉన్నన్నాళ్లు అమ్మను ఒక్కసారి శ్రీకూర్మం తీసుకొనిపోతానని అంటూ ఉండేవారు. ఆ మాట తీరకుండానే కాలం చేశారు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. తెలిసి కూడా కారు వెనుకకు త్రిప్పాను. "పోనీలే, గోపురం కనబడింది గదా" అన్నది అమ్మ. ఇంటికి చేరిన తరువాత ఫోటోలు చూచుకొంటే, పదకొండు చోట్లా మేము నలుగురమే ఉన్నాము. అయిదవ మనిషి ఒక్కదానిలోనూ లేదు.

ఈ ఏడు పటం విప్పగానే, తొమ్మిదవ తరగతి చదివే మా అమ్మాయి నా చేతిలోని కలం తీసుకొన్నది. "నాన్నా, ఈసారి జాబితా వద్దు. మనిషికొక చీటీ. చీటీకొక కోరిక. అంతకుమించి ఏమీ లేదు" అన్నది. సభ ఏకగ్రీవంగా ఆమోదించినది.

ఇంటర్మీడియట్ చదివే మా అబ్బాయి చీటీలో జలాంతర్గామి ఉన్నది. 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో విశ్రమించిన 'కుర్‌సుర'ను ఒడ్డుకు చేర్చి, 2002లో ప్రదర్శనశాలగా మార్చారు. విశాఖ సముద్రతీరాన నిలిచిన ఆ లోహపు చేప లోపలికి దూరి, నావికులు నిద్రించే ఇరుకు పడకలను, పెరిస్కోపును చూడాలని వాడి ఉబలాటం.

అమ్మాయి సాలిహుండం కోరింది. వంశధార ఒడ్డున, కళింగపట్నానికి చేరువలో ఉన్న బౌద్ధక్షేత్రమది. ఆ శిథిలాలను 1919లో మొదట గుర్తించి లోకానికి చెప్పినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. పుస్తకాలలో వాడుక భాషకు చోటు కల్పించుటకై పోరాడిన మహానుభావుడుగా ఆయనను మన విద్యార్థులందరు ఎరుగుదురు. 1863లో ఆ వంశధార తీరపు పల్లెలోనే పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులై, సవరల భాష నేర్చి దానికి నిఘంటువు కూర్చిన ఆ ఉపాధ్యాయుడు, తీరిక వేళలలో కొండలెక్కి శాసనాలు చదివేవాడని ఎందరికి తెలుసు? పాఠంలో చదివిన పేరును కొండమీద చూడాలని అమ్మాయి కోరిక.

నా చీటీలో తొట్లకొండ. 1976లో నౌకాదళంవారి సర్వేలో బయటపడి, 1988 నుంచి 1993 వరకు జరిగిన త్రవ్వకాలలో వెలుగు చూచిన బౌద్ధారామం. భిక్షువులు వాననీరు నిలువ చేసుకొన్న రాతి తొట్ల మూలముననే కొండకు ఆ పేరు వచ్చినది.

ఇల్లాలి చీటీలో ఊరి పేరు లేదు. "ఒక్క ఉదయమైనా నన్నెవరూ లేపకూడదు" అని ఉన్నది. నవ్వుకొన్నాము గాని, ఆ కోరికలోని న్యాయం కాదనలేకపోయాము.

అమ్మ చీటీ విప్పకుండానే అందులో శ్రీకూర్మం ఉంటుందనుకొన్నాను. విప్పితే ఒక్కటే మాట: 'సముద్రం'.

"అదేమిటమ్మా, శ్రీకూర్మం కాదా?" అన్నాను.

"అది మీ నాన్నగారి కోరికరా. నాది వేరే. కిందటిసారి సముద్రమంతా కారు అద్దంలోంచే చూశాను. ఒక్కసారి కాళ్లకు తగలాలి" అన్నది.

కొంతసేపు ఎవ్వరమూ మాట్లాడలేదు. తరువాత అమ్మాయి ఆరవ చీటీ తెచ్చి, దానిమీద తాతగారి పేరు వ్రాసి, క్రింద 'శ్రీకూర్మం, ఉదయం వేళ' అని వ్రాసింది.

ఆరు చీటీలను పటంమీద పరచిన తరువాత అసలు పని మొదలైనది. రాజమహేంద్రవరం నుంచి విశాఖకు సుమారు 190 కిలోమీటర్లు. అక్కడినుంచి శ్రీకాకుళానికి సుమారు 110. అంతటా 16వ నంబరు జాతీయ రహదారియే. వెళ్లేటప్పుడే తీరం వెంట నెమ్మదిగా పోవాలని నేను అన్నాను. అబ్బాయి అడ్డు చెప్పినాడు.

"పోయేటప్పుడు ఉత్తరానికి పోతాము. సముద్రం కుడివైపున ఉంటుంది. మన బండి రోడ్డుకు ఎడమవైపున పోతుంది. దిగాలంటే నాయనమ్మ రోడ్డు దాటాలి. వచ్చేటప్పుడైతే సముద్రం మనకు ఎడమవైపునే. తలుపు తీస్తే ఒడ్డే గదా నాన్నా!"

ఇరవై ఏళ్లుగా పిల్లలకు దిక్కులు బోధిస్తున్నాను. ఈ ముక్క నాకెన్నడూ తోచలేదు. పైగా మధ్యాహ్నం తిరిగిన తరువాత సూర్యుడు పడమటికి వాలి మన వెనుక ఉంటాడు. వెలుగు నీటిమీద పడి సముద్రం నీలంగా కనబడుతుంది. ఉదయమైతే ఎండ ఎదురుగా కొట్టి కన్ను తెరవనీయదు. కాబట్టి వెళ్లేటప్పుడు రహదారి, వచ్చేటప్పుడు తీరం అని నిర్ణయించుకొన్నాము.

కాలం సంగతి కూడ చెప్పాలి. మన తీరానికి అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల వేళ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం తీరాన్ని ఏ విధంగా చిందరవందర చేసినవో ఎవరూ మరువలేరు. జనవరి నాటికి గాలులు నెమ్మదిస్తవి, ఎండ ఓర్చుకొనదగినదిగా ఉంటుంది. అయితే ప్రొద్దు చిన్నది. సాయంకాలం ఆరు కాకముందే సూర్యాస్తమయం. చీకటి పడిన తరువాత కొత్త దారిలో బండి నడపరాదన్నది మా ఇంటి శాసనం.

అయిదు రోజుల ప్రణాళిక ఇది. మొదటిరోజు విశాఖ చేరి, సాయంకాలం జలాంతర్గామి. రెండవ ఉదయం ఇల్లాలి నిద్రకు అంకితం. తీరికగా బయలుదేరి రాత్రికి శ్రీకాకుళం. అక్కడ బస చేస్తే శ్రీకూర్మం కొద్ది మైళ్లే గనుక, మూడవనాడు ప్రొద్దున్నే ఆలయంలో ఉండవచ్చును. మధ్యాహ్నం సాలిహుండం. నాలుగవనాడు తిరుగుదారి: తగరపువలస వద్ద రహదారి విడిచి భీమునిపట్నం, అక్కడినుంచి తీరం వెంట తొట్లకొండ మీదుగా విశాఖ. అయిదవనాడు ఇల్లు. ముఖలింగం, అరసవల్లి, బొర్రా గుహలు మొదలైనవి పటం వెనుక వ్రాసి పెట్టుకొన్నాము. వదలివేసిన ఊళ్లు ఎక్కడికీ పోవు. మరొక ఏడు చూడవచ్చును. ఎనభై దాటిన తల్లి విషయంలో ఆ ధైర్యం చెప్పుకోలేము.

అనుకొన్నట్లే బయలుదేరాము. శ్రీకూర్మంలో ఉదయపు ఎండ తూర్పు ధ్వజస్తంభం మీద పడుతున్న వేళకు చేరాము. ఆ ఆలయానికి తూర్పున ఒకటి, పడమర ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. కూర్మనాథుని దర్శనమైన తరువాత శ్వేతపుష్కరిణి వద్ద నాన్నగారి పేరు చెప్పి చేయవలసినది చేశాను. అమ్మ మెట్లమీద కూర్చొని అంతా చూచినది. తొందరపెట్టడానికి నా జేబులో ఏ జాబితా లేదు.

మరునాడు మధ్యాహ్నం తిరిగిన తరువాత భీమునిపట్నం చేరాము. వలలు ఆరవేసుకొంటున్న జాలరులను అడిగితే, అలలు నెమ్మదిగా ఉండే చోటు చూపించారు. ఇది మాత్రం ప్రతి యాత్రికుడు పాటించవలసిన నియమం. మన తూర్పు తీరంలో ఒడ్డునుంచి లోపలికి లాగే ప్రవాహాలు బలమైనవి. పైకి ప్రశాంతంగా కనిపించే చోటనే అవి ఉండవచ్చును. పిల్లలను మోకాలి లోతు దాటనీయరాదు. ఎవరైనా ఆ ప్రవాహంలో చిక్కుకొంటే ఎదురీది అలసిపోక, ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడాలి.

కారు ఎడమవైపున ఆపి, ఇంటినుంచి తెచ్చిన మడతకుర్చీని తడి ఇసుక అంచున వేశాము. అటు నేను, ఇటు అబ్బాయి పట్టుకొని అమ్మను నడిపించాము. పదిహేను అడుగులు, పది నిమిషాలు పట్టినవి. మొదటి అల దగ్గరదాకా వచ్చి వెనుదిరిగినది. రెండవది పాదాలు కప్పింది. అమ్మ చీర కుచ్చెళ్లు పైకి తీసుకొని చిన్నపిల్లవలె నవ్వింది.

"తొట్లకొండకు ప్రొద్దు చాలదేమో నాన్నా" అని అమ్మాయి గుర్తు చేసింది.

నిజమే. సూర్యుడు అప్పటికే పడమటి కొండలమీదికి వాలుతున్నాడు. నా చీటీని మడిచి పటం వెనుక వ్రాసుకొన్న ఊళ్ల సరసన చేర్చాను. అమ్మ ఇంకా లేస్తాననలేదు, మేమూ లెమ్మనలేదు.