చెరిపిన దెక్కడికి పోవును?

మా మేనకోడలి వివాహమునాటి ఛాయాచిత్రములను కంప్యూటరులో చక్కగా సర్దవలెనని కూర్చుండి, ఒకే ఫోల్డరు రెండుచోట్ల నున్నదని భ్రమించి, షిఫ్టు మీట నొక్కిపట్టి డిలీటు నొక్కితిని. ఉన్న దదొక్కటే యని మరుక్షణమున తెలిసినది. అంతటితో ఊరకుండక, పోయినవానిని వెదకి తెచ్చు సాఫ్టువేరు నొకదానిని అదే డ్రైవులోనికి దించుకొంటిని. మొదటి తప్పుకంటె ఈ రెండవదియే పెద్దది.

కంప్యూటరు ఒక ఫైలును చెరుపుట యనగా అందలి అక్షరములను, చిత్రములను తుడిచివేయుట కాదు. కరణము అడంగలులో ఒక రైతు పేరు కొట్టివేసినంత మాత్రమున ఆతని చేనిలోని పైరు మాయమగునా? భూమి ఖాళీ యని కాగితమున వ్రాయబడినది, అంతియే. మఱియొకడు వచ్చి నాగలి కట్టి దున్నువఱకు పాత పైరు అట్లే నిలిచియుండును. హార్డ్ డిస్కులో జరుగునదియు నిదియే. కావున పొరపాటు తెలిసిన తక్షణమే ఆ యంత్రముపై పని యంతయు నాపివేయవలెను. క్రొత్త ఫైలు దాచినను, ఊరక ఇంటర్నెట్టు చూచినను, ఆ నాగలి ఏ చేనిపై సాగునో మన మెఱుగము. వెదకుపనిని డిస్కు నూడదీసి వేఱొక కంప్యూటరునకు తగిలించి చేయుట క్షేమము.

వట్టి డిలీటు నొక్కినచో ఇంత భయము లేదు. విండోస్ 95తో 1995లో వచ్చిన రీసైకిల్ బిన్ చెరిపినదానిని దాచియుంచును. వెంటనే కంట్రోలును జెడ్‌ను కలిపి నొక్కినను తఱచుగా అది తిరిగివచ్చును. పెన్‌డ్రైవునుండి చెరిపినవి మాత్రము సామాన్యముగా ఆ బుట్టలో పడవు. ఇక నేటి ల్యాప్‌టాపులలోని ఎస్.ఎస్.డి. సంగతి వేఱు: ట్రిమ్ అను ఏర్పాటుచే, పేరు కొట్టివేయబడిన నేలను అది తానే ముందుగా దున్ని సిద్ధము చేసికొనును. వేగమున కది మేలే గాని, అందు పోయినది దొరకుట దుర్లభము.

నాది పాత హార్డ్ డిస్కు గనుక కొంత దక్కినది. దుకాణపు కుఱ్ఱవాడు రెండు దినములకు తెచ్చియిచ్చిన ఫైళ్లకు పేర్లు లేవు, సంఖ్యలే. ఒక చిత్రమున తలంబ్రాలెత్తిన చేతులును, బాసికము కట్టిన నుదురును స్పష్టముగా నున్నవి. అటనుండి క్రిందికి అంతయు బూడిదరంగు. నేను దించుకొన్న సాఫ్టువేరు కొంత ఆ చోటనే కూర్చున్నదట. “మందుసీసా తెచ్చి దెబ్బ మీదే పగలగొట్టుకున్నారు మాస్టారూ,” అని వాడు నవ్వెను.

ఛాయాగ్రాహకులు పాటించు సూత్ర మొకటి కలదు: ప్రతులు మూడు, పరికరములు రెండు విధములు, అందొక ప్రతి ఇంటికి వెలుపల. గూగుల్ డ్రైవుతో ముడివేసిన ఫోల్డరును ప్రతిగా లెక్కింపరాదు. ఇచట చెరిపిన దచటను చెరుగును, అచటి ట్రాష్‌లో 30 దినములు మాత్రమే యుండును. నా వెలుపలి ప్రతి యిప్పుడు మా అక్కగారి బీరువాలో పట్టుచీరల నడుమ నున్నది. సంక్రాంతికి పోయినపుడు దానిని తీసి, ఆ యేటి చిత్రములను చేర్చి, తిరిగి అచటనే పెట్టుదును. అక్కకు అందేమున్నదో పట్టదు గాని, కలరా ఉండ మాత్రము దాని ప్రక్కన తప్పక పెట్టును.