ఎక్స్‌టెన్షన్ నంబరు ముందు ఇంకో అంకె

దక్షిణ ఢిల్లీలోని బేర్ సరాయ్ పేరు చెబితే మన తెలుగు ఇళ్ళలో చాలామందికి సివిల్స్ పుస్తకాలు, జిరాక్స్ నోట్సు గుర్తొస్తాయి. పక్కనే జేఎన్‌యూ పాత క్యాంపస్, నడిచి వెళ్ళేంత దూరంలో ఐఐటీ. ఆ ఐఐటీలో పిల్లలు చదువుతుంటే ఇంట్లో ఫోన్ డైరీ ఒకసారి తీసి చూడండి. అక్కడి ల్యాండ్‌లైన్ నంబర్లు ఎక్కువగా 2659తో మొదలై, తరువాత నాలుగంకెలతో ముగుస్తాయి. ఆ చివరి నాలుగంకెలే లోపలి ఎక్స్‌టెన్షన్. క్యాంపస్‌లో ఒక గది నుంచి ఇంకో గదికి ఆ నాలుగు నొక్కితే చాలు. విజయవాడ నుంచి అమ్మ చేయాలంటే 011, 2659, ఆపైన అదే నాలుగు. మధ్యలో ఆపరేటరుతో పనిలేదు.

2002 ప్రాంతంలో ఢిల్లీలో ఎంటీఎన్‌ఎల్ ఏడంకెల నంబర్లన్నిటికీ ముందు 2 చేర్చి ఎనిమిదంకెలు చేసింది. హైదరాబాదులోనూ ఇలాగే 2 వచ్చి చేరింది, పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 659 కాస్తా 2659 అయింది, లోపలి నాలుగంకెలు మాత్రం కదల్లేదు. అంకెను ముందు చేర్చడంలో సుఖం ఇదే, గుర్తున్న తోక అలాగే ఉండిపోతుంది.

ఇక మన ఆఫీసుల సంగతి. ఒక కార్యాలయంలో రెండంకెల ఇంటర్‌కమ్ ఉందనుకోండి. 00 నుంచి 99 దాకా వంద నంబర్లున్నాయి కదా అనిపిస్తుంది. కానీ 0 బయటి లైనుకు, 9 ఆపరేటరుకు పోతాయి. 1ని ఖాళీగా వదలాలి, ఎందుకో కాసేపట్లో చెబుతాను. మిగిలింది 2 నుంచి 8 దాకా, అంటే 70 ఎక్స్‌టెన్షన్లు. రెండు విభాగాలు ఒకే భవనంలోకి వచ్చాయంటే అవి చాలవు. మూడంకెలైతే 700, నాలుగంకెలైతే 7,000 దొరుకుతాయి.

మరి కొత్తగా వచ్చినవాళ్ళకు మాత్రం మూడంకెలు ఇచ్చి, పాతవాళ్ళను కదపకుండా ఉంచలేమా? ఇక్కడే చిక్కు. ఎక్స్ఛేంజి పెట్టె మనం నొక్కే అంకెలను ఒక్కొక్కటిగా వింటుంది. 23 అనే ఎక్స్‌టెన్షన్ ఉండగా ఇంకొకరికి 235 ఇస్తే, 2, 3 నొక్కగానే పాత బల్ల మీద గంట మోగుతుంది, 5 వినేవాడుండడు. కొన్ని సెకన్లు ఆగి చూడమని పెట్టెకు చెప్పవచ్చు గానీ, అప్పుడు 23కు ఫోన్ చేసే ప్రతివారూ ఆ నిశ్శబ్దాన్ని భరించాలి. ఒక నంబరు ఇంకో నంబరుకు మొదలు కాకూడదన్నది ఈ పనిలో మొదటి నియమం.

నాకు నచ్చిన మధ్యేమార్గం ఒకటుంది. 8తో మొదలయ్యే పది నంబర్లను మాత్రం ఖాళీ చేయించి, 800 నుంచి 899 దాకా మూడంకెల నంబర్లు తెరవడం. 2 నుంచి 7 దాకా ఉన్న 60 మంది నంబర్లు అలాగే ఉంటాయి, కొత్తగా వంద వస్తాయి. మార్పు పదిమందికే, అదీ 81 ఉన్నవారికి 881 ఇస్తే మరిచిపోరు. అందరికీ ఒకేసారి మార్చదలిస్తే మాత్రం, 23ను 423 చేసినట్టు అందరికీ ఒకే అంకె ముందు పెట్టి, ఒక సెలవురోజు రాత్రి మొత్తం మార్చేయాలి. సగం ఈ వారం, సగం వచ్చే వారం అంటే నంబర్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి.

1ని వదిలేయాలన్నాను. అత్యవసర సహాయం నంబరు 112. తెలుగు రాష్ట్రాల్లో అంబులెన్సుకు 108, అగ్నిమాపక దళానికి 101. ఆఫీసులో 11 అనే ఎక్స్‌టెన్షన్ ఉంటే, కంగారులో 112 నొక్కినవారికి పలికేది పోలీసు కాదు, పక్క గదిలోని గుమాస్తా. 0 నొక్కితేనే బయటికి వెళ్ళే ఫోన్లలో ఇంకో ప్రమాదముంది. 2013 డిసెంబరులో అమెరికాలోని టెక్సస్‌లో ఒక మోటెల్ గదిలో తల్లి మీద దాడి జరుగుతుంటే, తొమ్మిదేళ్ళ కూతురు నాలుగుసార్లు 911 నొక్కింది. ముందు 9 నొక్కితేనే బయటి లైను వస్తుందని ఆ పిల్లకు తెలియదు. తల్లి బతకలేదు. ఆమె పేరుతోనే 2018లో కారీస్ లా అనే చట్టం వచ్చింది, కొత్తగా పెట్టే ఇలాంటి ఫోన్లలో ముందు ఏ అంకే నొక్కకుండానే 911 కలవాలని. మన పెట్టెల్లోనూ 112 నేరుగా బయటికి పోయేలా ప్రోగ్రాం చేయించవచ్చు, 1తో ఎక్స్‌టెన్షన్లు లేకుంటే. నంబర్లు పెంచే రోజే ఆ పని కూడా చేయించుకోవాలి.

నంబర్లు పెంచినంత మాత్రాన లైన్లు పెరగవు. 40 బల్లల మీద ఫోన్లు పెట్టి బయటికి నాలుగే లైన్లుంటే, అయిదోవారు మాట్లాడాలంటే ఆగాలి. ఇంటి నుంచి చేసే మీకు ఎంగేజ్ మోత వినిపిస్తుంది. ఎన్ని ఫోన్లకు ఎన్ని లైన్లు కావాలన్న లెక్కకు డెన్మార్క్ గణితజ్ఞుడు ఎర్లాంగ్ 1909లోనే దారి చూపాడు. కొటేషన్ ఇచ్చేవారిని ఎక్స్‌టెన్షన్ల సంఖ్యతో పాటు బయటి లైన్ల సంఖ్య కూడా అడగాలి. పెట్టెలో కొత్త కార్డు పెట్టడానికి ఖాళీ ఉందా, గోడల్లో వేసిన కేబుల్లో జతలు మిగిలాయా అన్నవి కూడా.

ఫోన్ ఎత్తగానే పలికే రికార్డు గొంతును కూడా సరిచూడాలి. “హిందీకి 2 నొక్కండి” అని అది చెబుతుంటే, 2తో మొదలయ్యే ఎక్స్‌టెన్షన్ కావలసినవారు హిందీలోకి వెళ్ళిపోతారు.

2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేయాలంటే ముందు 0 నొక్కాలి. ఆ ఒక్క సున్నాతో దేశంలో 254.4 కోట్ల కొత్త నంబర్లకు చోటు దొరుకుతుందని టెలికాం శాఖ చెప్పింది. 0తో బయటి లైను తీసుకునే ఆఫీసుల్లో ఇప్పుడు రెండు సున్నాలు నొక్కాల్సి వస్తోంది. నాన్న ఆఫీసు ఫోన్ నుంచి కాల్ కలవడం లేదంటే మొదట చూడవలసింది ఇదే.

మీవారి ఆఫీసులో నంబర్లు మారుతున్నాయని తెలిస్తే, కొత్త ఎక్స్‌టెన్షన్‌తో పాటు ఏ తేదీ నుంచో కూడా అడిగి రాసుకోండి. మొబైల్‌లో ఆఫీసు నంబరు తరువాత కామా పెట్టి ఎక్స్‌టెన్షన్ సేవ్ చేసుకుంటే, ఫోన్ కలిశాక కాస్త ఆగి అదే ఆ అంకెలు నొక్కుతుంది. రికార్డు గొంతు పొడవుగా ఉంటే రెండు కామాలు పెట్టండి.