కదిలే కుర్చీకి కరెంటు

శంషాబాద్ విమానాశ్రయానికి చేరువలోని మహేశ్వరం హార్డ్‌వేర్ పార్కులో జెన్ టెక్నాలజీస్ సంస్థ శిక్షణ సిమ్యులేటర్లను తయారు చేస్తుండగా, అంతకు చాలా ముందు నుంచే ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు హైదరాబాదులోని కేంద్రీయ శిక్షణ సంస్థలో నేల విడవకుండానే విమానం నడపడం సాధన చేస్తూ వచ్చారు. అటువంటి యంత్రానికి చిన్న రూపాన్ని ఇంట్లో కట్టుకోదలచిన ఔత్సాహికులు మోటార్ల గురించి ఎంతో ఆలోచించి, కరెంటు సరఫరాను మాత్రం చివరి వస్తువుగా కొంటుంటారు. యంత్రం స్వభావాన్ని నిర్ణయించేది నిజానికి ఆ చివరి వస్తువే.

మనిషి, సీటు, చట్రం కలిసి 150 కిలోలు ఉంటాయనుకుంటే, ఆ బరువును సెకనుకు 30 సెంటీమీటర్ల చొప్పున ఎత్తడానికి సుమారు 440 వాట్లు కావాలి. మరకూ నట్టుకూ మధ్య ఉక్కు గుండ్లు దొర్లే బాల్ స్క్రూలో రాపిడి నష్టం పదోవంతే కనుక, మోటారు నష్టాలను కలపకుండానే 12 వోల్టుల వద్ద 40 ఆంపియర్లు అవసరమవుతాయి. పాత కార్ల వైపర్ మోటార్ల దారి వేరు: కుర్చీని నడుమ కీలుపై తూచి నిలిపి, వాటితో పక్కలకు మాత్రమే వంచుతారు. వాటిలోని వర్మ్ గేరు బరువు నెట్టినా సులభంగా వెనక్కి తిరగదు కాబట్టి కరెంటు పోయినా కుర్చీని పట్టి ఉంచుతుంది, కాని శక్తిలో పెద్ద భాగాన్ని వేడిగా పోగొడుతుంది.

అసలు చిక్కు ఎత్తడంలో లేదు, దించడంలో ఉంది. బాల్ స్క్రూపై కుర్చీ దిగుతున్నప్పుడు బరువే మోటారును తిప్పుతుంది, మోటారు జనరేటరుగా మారి విద్యుత్తును వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. ఇంటి 230 వోల్టుల ఏసీని తక్కువ వోల్టుల డీసీగా మార్చే సాధారణ ఎస్‌ఎంపిఎస్‌లో డయోడ్లు కరెంటును ఒకే దిశలో పోనిస్తాయి కనుక, తిరిగొచ్చిన శక్తి కెపాసిటర్లలో చేరి వోల్టేజీని పెంచుతుంది. హద్దు దాటగానే రక్షణ వలయం సరఫరాను ఆపేస్తుంది, పట్టు తప్పిన కుర్చీ మనిషితో సహా కిందికి జారుతుంది. మరింత పెద్ద ఎస్‌ఎంపిఎస్ కొన్నంత మాత్రాన ఈ ప్రమాదం తప్పదు.

1929లో ఎడ్విన్ లింక్ అమెరికాలోని బింగ్‌హామ్టన్‌లో తండ్రి ఆర్గన్ కర్మాగారపు తోలుతిత్తులతో మొదటి శిక్షణ విమానాన్ని ఊపినప్పుడు శక్తి వాక్యూమ్ పంపు నుంచి వచ్చింది. తరువాతి విమాన సిమ్యులేటర్లు ఆరు కాళ్ళ వేదికపై నిలిచాయి. డన్‌లప్ టైర్ల పరీక్ష కోసం ఎరిక్ గఫ్ కట్టిన అటువంటి యంత్రం ముందే పనిచేస్తున్నా, 1965లో వ్యాసం రాసిన స్టివార్ట్ పేరే దానికి అతుక్కుపోయింది. న్యాయంగా ఆ గౌరవం గఫ్‌కే చెందాలి. ఆ కాళ్ళను నూనె ఒత్తిడితో నడిపిన రోజుల్లో పంపు సగటు అవసరాన్ని తీర్చితే, క్షణకాలపు ఎక్కువ అవసరాన్ని నైట్రోజన్ వాయువు నిండిన అక్యుములేటర్ తీర్చేది. అంటే నిపుణులు ఎంచుకున్నది పెద్ద పంపును కాదు, పంపు పక్కన ఒక నిల్వను.

ఇంటి యంత్రానికి ఆ నిల్వ బ్యాటరీయే. విమానం వేగం పుంజుకుంటున్న అనుభూతిని నిలిపి ఉంచేందుకు సిమ్యులేటర్ కుర్చీని మెల్లగా వెనక్కి వంచుతుంది. 15 డిగ్రీల వంపులో గురుత్వాకర్షణలో పావువంతు వీపును నొక్కుతుంది, దానికి కరెంటు పెద్దగా ఖర్చు కాదు. కనుక మోటార్లు గట్టిగా లాగేవి కొద్ది క్షణాలే, ఇళ్ళలో కనిపించే 150 ఆంపియర్-అవర్ ఇన్వర్టర్ బ్యాటరీకి అది సులువైన పని. సగటు వాడకాన్ని ఒక చిన్న చార్జరు భర్తీ చేస్తుంది. రెండు బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తే అదే శక్తికి కరెంటు సగమవుతుంది, తీగల్లో వేడి పావువంతుకు తగ్గుతుంది. నిండుగా చార్జయిన బ్యాటరీ తిరిగొచ్చే శక్తిని సరిగా పుచ్చుకోలేదు కనుక దాన్ని కాస్త వెలితిగా ఉంచడం మేలు. షార్టయితే వందల ఆంపియర్లు పారతాయి గనుక ఫ్యూజు బ్యాటరీ మొనకు జానెడు దూరంలోపే ఉండాలి, చార్జింగులో హైడ్రోజన్ వెలువడుతుంది గనుక గదికి గాలి ఆడాలి.

పెద్ద సిమ్యులేటర్లు కూడా ఈ శతాబ్దంలో నూనెను వదిలి విద్యుత్ మోటార్లకు మారాయి. ఇక ఇంటి యంత్రానికి వస్తే, బ్యాటరీ ఉన్నా ఒక జాగ్రత్త మిగిలే ఉంటుంది: అత్యవసర ఎర్ర స్విచ్చు బ్యాటరీని విడదీసిన క్షణంలో కుర్చీ దిగుతూ ఉంటే తిరిగొచ్చే శక్తికి మళ్ళీ దారి ఉండదు, అందువల్ల ఆ శక్తిని వేడిగా మార్చే బ్రేకింగ్ రెసిస్టర్‌ను స్విచ్చుకు బ్యాటరీ వైపున కాక మోటారును నడిపే డ్రైవర్ సర్క్యూట్ వైపునే బిగించాలి.