ఒక్క బెర్తు, రెండు కౌంటర్లు

పిల్లలూ! సికింద్రాబాదు నుంచి చెన్నై పోయే రైల్లో ఒకే ఒక్క కింది బెర్తు మిగిలి ఉందనుకోండి. మా జహీరాబాదు నుంచి మోకాళ్ళ నొప్పులతో బాధపడే ఒక పెద్దావిడను వైద్యానికి తీసుకుపోవాలి. ఆమె కొడుకు సికింద్రాబాదు కౌంటరు దగ్గర నిలబడ్డాడు. సరిగ్గా అదే సమయానికి ముంబయి కౌంటరు దగ్గర మరొకాయన, కాలికి కట్టు కట్టించుకున్న తన కూతురి కోసం ఆ బెర్తే అడుగుతున్నాడు. ఇద్దరు గుమాస్తాల తెరల మీదా ఒక బెర్తు ఖాళీ ఉన్నట్లే కనిపిస్తోంది. ఇద్దరూ మీట నొక్కారు. బెర్తు ఎవరిది?

"ముందు నొక్కినవారిది!" అంటారు మీరు. ముందు నొక్కిందెవరో తేల్చేదెవరు? ఆ రెండు ఊళ్ళ మధ్య రైలు దారి సుమారు 800 కిలోమీటర్లు. వార్తలు మోసే గాజు తీగ ఆ దారి వెంటే వేశారనుకుందాం. గాజులో వెలుతురు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ఒక ఊరి వార్త మరొక ఊరికి చేరడానికి సెకనులో 250వ వంతు పడుతుంది. అదొక లెక్కా అనకండి. సెకనుకు నూరు కోట్ల పనులు చేసే కంప్యూటరు ఆలోగా 40 లక్షల పనులు ముగించేస్తుంది!

పూర్వం ఈ చిక్కు లేదు. రైలు బయలుదేరే ఊళ్ళో ఒక రిజిస్టరు ఉండేది. పేరు రాసినవారికే బెర్తు. కాని దానికి వేరే బాధలుండేవి. దారిలోని స్టేషన్లకు కోటా పేరుతో కొన్ని బెర్తులు పంచేవారు. ఒకచోట కోటా మిగిలిపోతుంటే మరొకచోట లేవని చెప్పి పంపేవారు. వేరే ఊరి నుంచి తిరుగు ప్రయాణానికి టికెట్టు కావాలంటే తంతి కొట్టి, జవాబు కోసం కాచుకొని ఉండాలి.

1986లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలయింది. సి.ఎం.సి. అనే ప్రభుత్వ సంస్థ తయారు చేసిన ఆ ప్రోగ్రాము పేరు ఇంప్రెస్. తరవాత ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదులకూ కంప్యూటర్లు వచ్చాయి. అయితే ఒక ఊరి కంప్యూటరుకు మరో ఊరి కంప్యూటరుతో మాటలు లేవు. వాటిని కలపడానికి రైల్వేవారి సొంత సంస్థ క్రిస్ 'కన్సర్ట్' అనే కొత్త ప్రోగ్రాము రాసింది. అది మొట్టమొదట అమలయింది ఎక్కడనుకున్నారు? మన సికింద్రాబాదులోనే, 1994 సెప్టెంబరులో! 1999 ఏప్రిల్ నాటికి అయిదు కేంద్రాలూ ఒక్కటయ్యాయి.

ఇంత పెద్ద పనిని ఒకే ప్రోగ్రాముగా రాస్తే ఏమవుతుంది? ఛార్జీలు పెరిగిన ప్రతిసారీ మొత్తాన్నీ విప్పి కుట్టాలి. అందుకని పనిని ముక్కలు చేస్తారు. ఛార్జీ లెక్కకట్టేది ఒకటి, బెర్తు కేటాయించేది ఒకటి, డబ్బు జమ రాసేది ఒకటి, టికెట్టు అచ్చువేసేది ఒకటి. ఇలాంటి ముక్కలను కంపోనెంట్లు అంటారు. ప్రతి కంపోనెంటుకూ బయటివారితో ఒక ఒప్పందం ఉంటుంది. ఛార్జీ కంపోనెంటుకు దూరం, తరగతి, రాయితీ చెప్పాలి. అది రూపాయలు చెబుతుంది. లోపల అది లెక్క ఎలా వేసుకుంటుందో మిగతావాటికి అనవసరం. ఈ ఒప్పందం పేరే ఇంటర్‌ఫేస్.

మా ఊళ్ళో మహీంద్రావారి ట్రాక్టర్ల కర్మాగారం ఉంది. ట్రాక్టరు టైరు తయారుచేసేవాడికి ఇంజను సంగతి తెలియనక్కరలేదు. చక్రం కొలత తెలిస్తే చాలు. ప్రోగ్రాములను కూడా ఇలా విడి భాగాలుగా తయారుచేసి అమ్మాలని డగ్లస్ మెకిల్‌రాయ్ అనే ఆయన 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన సదస్సులో చెప్పాడు.

ఈ పోలిక ఇక్కడిదాకే పనికొస్తుంది. ట్రాక్టరులో టైరు ఇంజను పక్కనే ఉంటుంది. మన బెర్తు కంపోనెంటు సికింద్రాబాదులో ఉంటే, దాన్ని అడిగే కంపోనెంటు ముంబయిలో ఉంది. ఇలా భాగాలను పలు కంప్యూటర్లలో పంచి నడిపే వ్యవస్థను డిస్ట్రిబ్యూటెడ్ సిస్టం అంటారు. దూరాన ఉన్న భాగాన్ని పక్కనే ఉన్నట్లు పిలిచే ఉపాయాన్ని బిరెల్, నెల్సన్ అనే ఇద్దరు 1984లో ఒక వ్యాసంలో వివరించారు. వేర్వేరు భాషల్లో రాసిన ప్రోగ్రాములు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి 1991లో కోర్బా అనే ప్రమాణం వచ్చింది. పిలవడం సులువే. అసలు కష్టం జవాబు రానప్పుడు.

బాగా ఆలోచించండి. ముంబయి నుంచి "ఆ బెర్తు ఇవ్వు" అని అడిగారు. జవాబు లేదు. ఏం జరిగి ఉంటుంది? అడిగిన మాట దారిలోనే పోయి ఉండవచ్చు. లేదా మాట చేరి, బెర్తు రాసేసి, "ఇచ్చాను" అన్న జవాబు దారిలో పోయి ఉండవచ్చు. లేదా రెండూ క్షేమమే, ఆలస్యమవుతోందంతే. ముంబయిలో కూర్చున్నవారికి ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి! మళ్ళీ అడిగితే ఒకే మనిషికి రెండు బెర్తులు పడవచ్చు. అడగకపోతే ఎవరూ ఎక్కని బెర్తు ఖాళీగా చెన్నై పోవచ్చు. పెద్దావిడేమో నేలమీద కూర్చుని పోవాలి.

దీనికి విరుగుడు ఎంత సాదా సీదాగా ఉందో చూడండి. ప్రతి కోరికకూ ఒక నంబరు వేస్తారు. జవాబు రాకపోతే అదే నంబరుతో మళ్ళీ అడుగుతారు. బెర్తు కంపోనెంటు తన పుస్తకంలో చూసుకుంటుంది. ఆ నంబరు అప్పటికే ఉంటే కొత్త బెర్తు ఇవ్వదు, పాత జవాబే తిరిగి చెబుతుంది. నూరుసార్లు అడిగినా ఒక్క బెర్తే.

ఇక మొదటి ప్రశ్న. కన్సర్ట్‌లో ఒక్కొక్క రైలు పద్దు అయిదు కేంద్రాల్లో ఏదో ఒకదాని దగ్గరే ఉండేది. కౌంటరు ఏ ఊళ్ళో ఉన్నా కోరిక ఆ కేంద్రానికే పోయేది. కాబట్టి ముందు మీట నొక్కిందెవరో తేల్చనక్కరలేదు. సొంతదారు వాకిట్లోకి ఎవరి కోరిక ముందు వస్తే బెర్తు వారిది. రెండోవారికి నమ్రతగా లేదని జవాబు. పాత రిజిస్టరే మరో వేషంలో వచ్చిందన్నమాట! కోరికలను సరైన కేంద్రానికి మోసే పనికి డిజిటల్ కంపెనీవారి 'రిలయబుల్ ట్రాన్సాక్షన్ రౌటర్' అనే తయారు కంపోనెంటును వాడారు. ఇలా మధ్యన నిలిచి పనిచేసేవాటిని మిడిల్‌వేర్ అంటారు.

డబ్బు పద్దు ఒక కంప్యూటరులో, బెర్తు పద్దు మరోదానిలో ఉంటే? ఒకటి జరిగి రెండోది ఆగిపోకూడదు. అప్పుడొక పెద్దమనిషి ప్రోగ్రాము కావాలి. అది ముందు ఇద్దరినీ "సిద్ధమేనా?" అని అడుగుతుంది. ఇద్దరూ తమ పుస్తకాల్లో రాసుకొని "సిద్ధం" అంటేనే "కానివ్వండి" అంటుంది. ఒక్కరు కాదన్నా పని రద్దు. జిమ్ గ్రే అనే శాస్త్రజ్ఞుడు 1978లో ఈ రెండంచెల పద్ధతిని వివరించాడు. ఆయనకు 1998 ట్యూరింగ్ బహుమతి వచ్చింది. నాకు ఇందులో నచ్చేది, పని చేయకముందే పుస్తకంలో రాయడం. కరెంటు పోయి వచ్చినా, ఎక్కడ ఆగామో ఆ పుస్తకం చెబుతుంది. మన కిరాణా షావుకారు ఖాతా రాయకుండా సామాను కట్టడు గదా!

ఈ పద్ధతిలోనూ ఒక లొసుగు ఉంది. అదేమిటో మీరే కనిపెట్టండి. ముగ్గురు స్నేహితులు మూడు గదుల్లో కూర్చోండి. ఒకరు పెద్దమనిషి, ఒకరు డబ్బు, ఒకరు బెర్తు. చీటీల ద్వారానే మాట్లాడాలి. నాలుగో పిల్లవాడు చీటీలు మోస్తూ, తనకు తోచినప్పుడు ఒకటి జేబులో దాచుకోవాలి. అయిదారుసార్లు ఆడాక, ఇద్దరూ "సిద్ధం" అని రాసి పంపిన వెంటనే పెద్దమనిషిని భోజనానికి పంపేయండి. మిగతా ఇద్దరూ తమ పుస్తకాలు పట్టుకొని ఏం చేయగలరో, ఎంతసేపు అలా కూర్చోవాలో చూడండి.