పగటివేళ నెగురు చిమ్మటలు

సాయంకాలమున దీపము వెలిగింపగానే దాని చుట్టును మూగు రెక్కల పురుగులను ఎల్లవారును ఎరుగుదురు. అందుచే చిమ్మటలన్నియు రాత్రించరములే యని పెక్కుమంది తలంతురు. అది సరికాదు. ఎండలో పచ్చికపై నెగురు చిన్న చిమ్మటలును గలవు. వానిలో కొన్నింటిని సీతాకోకచిలుకలనియు, కొన్నింటిని కందిరీగలనియు పొరబడుచుందుము.

ఒకనాటి ఉదయమున మేము విద్యార్థులతో చేనిగట్టున పోవుచుండగా, నల్లని రెక్కలును పసుపుపచ్చని పట్టెల పొట్టయుగల పురుగొకటి గడ్డిపై వ్రాలెను. ఒక బాలుడు "కందిరీగ!" యని కేకవేసి చెప్పుతో కొట్టెను. మేమును అట్లే తలచితిమి గనుక వారింపలేదు. పిమ్మట దానిని చేత బట్టి చూడగా వ్రేళ్లకు నల్లని పొడి యంటెను. ఆ పొడియే చిమ్మట రెక్కలను కప్పియుండు పొలుసులు. దానికి కొండి లేదు. కందిరీగకుండు సన్నని నడుము లేదు. దవడలకు మారుగా చుట్టుకొనియున్న తొండము గలదు. అది అమాటా యను జాతి చిమ్మట. పక్షులను వెరపించి దానిని కాపాడు వేషమే ఆనాడు మా యెదుట దాని ప్రాణము తీసెను.

ఇక జనుము చేలలో తెల్లని రెక్కలపై ఎఱ్ఱని, నల్లని చుక్కలుగల మరియొక చిన్న చిమ్మట కాననగును. 1758లో లిన్నేయస్ పేరు పెట్టిన యుటెథీసా పుల్కెల్లా యిదియే. దీని గొంగళిపురుగు జనుము ఆకులను, కాయలను తినును. ఆ మొక్కలోని విషపదార్థము పురుగు దేహమున నిలిచి, రెక్కలు వచ్చిన పిమ్మటను దానికి రక్షణ యగును. ఆ చుక్కలు "నన్ను ముట్టకుము" అని చెప్పు హెచ్చరికలు. దీనిని మిక్కిలి పోలిన లోట్రిక్స్ అనునదియు జనుముపైనే పెరుగును. దూరమునుండి రెంటిని వేరుపరచుట కష్టము.

మరి వీనిని గుర్తించుటెట్లు? మొదట మీసములను చూడవలెను. సీతాకోకచిలుక మీసముల కొనలు గదవలె నుబ్బియుండును. చిమ్మట మీసములు సామాన్యముగా దారమువలెనో ఈకవలెనో యుండును. అయినను ఐరోపాలోని బర్నెట్ అను పగటి చిమ్మటల మీసములు కొనవైపున లావెక్కియుండును. కావున ఒక్క గుర్తుతో తీర్పు చెప్పరాదు. వ్రాలినప్పుడు రెక్కల నెట్లుంచునో చూడవలెను. అమాటా వానిని ఇరుప్రక్కలకు చాచును. యుటెథీసా దేహమునకు చుట్టుకొనును. ఏ మొక్కపై, ఏ వేళ, ఏ నెలలో కనబడెనో అప్పుడే పుస్తకమున వ్రాసికొనవలెను. పేరు తెలియనిచో ఆ తావు ఖాళీగా విడుచుట మేలు. తప్పు పేరు వ్రాయుట కంటె అది గౌరవకరము.

ఆ ఉదయము మొదలు మా విద్యార్థులు ఒక నియమము పెట్టుకొనిరి: ముందు చూపు, పిమ్మట పేరు, చెప్పు మాత్రము కాలికే.